గానసామ్రాజ్ఞి బెస్సీ స్మిత్

మహానదిని చూచి మురియువారు పెక్కుమంది. ఆ నది ఏ కొండచరియలో సన్నని ఊటగా పుట్టినదో వెదకి చూచువారు అరుదు. సంగీతవిషయమునను ఇట్లే జరుగుచుండును. జాజ్, రాక్ మొదలగు పేర్లతో అమెరికానుండి బయలుదేరి భూమండలమంతట వ్యాపించిన పాటలకు అభిమానులు కోట్లకొలది కలరు. ఒక మాటను సాగదీసి, ఒక మాటను విరిచి, స్వరమును జారించి, గుండెలోని బాధను గొంతులో పలికించు ఆ పద్ధతి ఎవరినుండి వచ్చినదని అడిగినచో, వారిలో చాలమంది పేరుపొందిన పురుషగాయకులను, వాద్యకారులను పేర్కొందురు. కాని ఆ పద్ధతిని మొట్టమొదట గ్రామఫోను రికార్డులకెక్కించి ఇంటింటికిని చేర్చినవారు స్త్రీలు. వారు దాస్యమునుండి విడివడిన నల్లజాతికి చెందిన పేద స్త్రీలు. వారిలో అగ్రగణ్యురాలు బెస్సీ స్మిత్. ఆమె బ్రదికియున్న కాలమున జనులు ఆమెను బ్లూస్ సామ్రాజ్ఞియని పిలిచిరి. చనిపోయిన పిదప ముప్పది మూడు సంవత్సరములు ఆమె సమాధిపై పేరైనను లేకుండెను.

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున టెన్నెసీ అను రాష్ట్రము కలదు. ఆ రాష్ట్రములోని చాటనూగా పట్టణము బెస్సీ జన్మస్థలము. ఆమె వివాహపత్రమునందు జన్మదినము 1894 ఏప్రిల్ 15 అని వ్రాయబడినది. 1900 నాటి జనాభా లెక్కలలో పుట్టిన సంవత్సరము 1892 అని యున్నది. నల్లజాతి శిశువుల పుట్టుకను ఆ దినములలో ఆ ప్రాంతమున ఎవరును శ్రద్ధతో నమోదు చేసెడివారు కారు. ఒక బిడ్డ పుట్టిన యేడైనను నిశ్చయముగా తెలియకపోవుటనుబట్టియే ఆ సంఘమున ఆ బిడ్డకెంత విలువ యుండెనో ఊహించవచ్చును.

అమెరికాలో బానిసత్వము 1865వ సంవత్సరమున చట్టరీత్యా అంతరించినది. చట్టము సంకెళ్లను విడిపించినను, మనుష్యుల మనస్సులలోని భేదభావమును తొలగింపజాలకపోయెను. దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారికి రైలుపెట్టె వేరు, పాఠశాల వేరు, ఆసుపత్రి వేరు, త్రాగునీటి కొళాయి సైతము వేరు. ఇట్టి ఏర్పాటు న్యాయసమ్మతమేయని 1896లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. బెస్సీ ఊహ తెలియునప్పటికే ఆ గోడలన్నియు ఆమె చుట్టు లేచియుండెను.

ఆమె తండ్రి విలియము స్మిత్ కూలిపని చేయుచు, అప్పుడప్పుడు బాప్టిస్టు ప్రార్థనాసభలలో బోధచేయుచుండెను. బిడ్డకు తండ్రి ముఖము జ్ఞాపకముండు వయస్సు రాకముందే అతడు మరణించెను. ఆమెకు తొమ్మిదేండ్లు నిండుసరికి తల్లి లారాయును కన్నుమూసెను. పెద్దక్క వయోలా తమ్ముల, చెల్లెండ్ర పోషణభారము వహించెను. ఆ ఇంట పలకాబలపములకు సొమ్ములేదు. బెస్సీకి చదువబ్బలేదు. అన్న ఆండ్రూ గిటారు వాయించుచుండగా, ఆ చిన్నపిల్ల చాటనూగా వీధుల కూడళ్లలో నిలిచి పాడుచు, ఆడుచు, దారినబోవువారు విసరిన చిల్లరడబ్బులు ఏరుకొని ఇంటికి తెచ్చుచుండెను. ఆమెకు వీధియే పాఠశాల. వినువారి ముఖములే ఆమె పాఠ్యపుస్తకములు. ఏ మాటకు నడచిపోవువాడు ఆగునో, ఏ స్వరమునకు అతని చేయి జేబులోనికి పోవునో ఆ బాలిక బాల్యముననే గ్రహించెను.

ఆమె పాడిన పాటల తీరెట్టిదో కొంచెము తెలిసికొందము. బ్లూస్ అనగా దిగులుపాట అని స్థూలముగా చెప్పవచ్చును. ప్రత్తిచేలలో పనిచేయుచు పాడుకొన్న పదములనుండి, ప్రార్థనాగీతములనుండి, ఒంటరి కూలివాని కేకలనుండి అది రూపుదిద్దుకొన్నది. సాధారణముగా ఒక్కొక్క చరణమునకు మూడు పాదములుండును. మొదటి పాదమున గాయని తన బాధను చెప్పును. రెండవ పాదమున ఆ మాటనే మరల పాడును. మూడవ పాదమున దానికొక ముగింపు చెప్పును. ఆ ముగింపు ఒకప్పుడు కన్నీరు, ఒకప్పుడు పరిహాసము. నాలుగేసి లెక్కలుగల పండ్రెండు తాళఖండములలో ఈ మూడు పాదములును ఇముడును. ప్రతిపాదము చివరను కొంత ఖాళీ మిగులును. ఆ ఖాళీలో వాద్యము గాయనికి బదులు చెప్పును. స్వరములను సరియైన స్థానమునకు కొంచెము క్రిందుగా నిలిపి, పిమ్మట మెల్లగా పైకి జార్చుట ఈ గానమునకు ప్రాణము. చూచుటకు ఈ చట్రము మిక్కిలి చిన్నది. కాని అందులో ఇమడని దుఃఖము లేదు.

1912లో బెస్సీ జీవితమున ఒక మలుపు వచ్చెను. ఆమె మరియొక అన్న క్లారెన్సు అంతకుముందే ఊరూర తిరుగు ఒక ప్రదర్శన బృందములో చేరియుండెను. ఆ బృందము చాటనూగాకు వచ్చినపుడు అతడు చెల్లెలిని యజమానులకు చూపించెను. వారామెను గాయనిగా గాక నర్తకిగా చేర్చుకొనిరి. బృందమునకు అప్పటికే గొప్ప గాయని యొకతె యుండుటయే అందుకు కారణము. ఆమెయే మా రెయినీ. తరువాతి కాలమున ఈమెను బ్లూస్ గానమునకు తల్లియని జనులు గౌరవించిరి. పడుచుపిల్లయైన బెస్సీకి మా రెయినీ పాడుట నేర్పెననుటకన్న, సభను ఎట్లు వశపరచుకొనవలెనో చూపెననుట సముచితము. కొలది కాలమునకే బెస్సీ తన మార్గమున తాను బయలుదేరి, జార్జియా రాష్ట్రములోని అట్లాంటా నగరమునందలి ఒక నాటకశాలను నెలవు చేసికొని, దక్షిణరాష్ట్రములంతట పేరు సంపాదించెను.

ఆ ప్రదర్శనలు తరచుగా గుడారములలో జరుగుచుండెను. నేటి గాయకులవలె ఆమెకు మైకు లేదు. గొంతును పెద్దదిగా చేయు యంత్రమేదియు లేదు. వేయిమంది కూర్చున్న గుడారమున చిట్టచివరి బల్లపైనున్న కూలివానికి సైతము మాట స్పష్టముగా వినబడవలెను. బెస్సీ పెద్ద విగ్రహము, నిండైన కంఠము. ఆమె రంగస్థలముపై అటునిటు పరుగిడక, మెల్లగా నడచివచ్చి నిలిచి పాడుచుండెను. రాగమును విస్తరింపక, కొలది స్వరములలోనే పాటను ఇమిడ్చి, ముఖ్యమైన మాటపై గొంతును మోపి, తాళమునకు లవలేశము వెనుకగా ఆ మాటను విడుచుచుండెను. వినువాడు ఆ మాటకొరకు ఎదురుచూచి, అది వచ్చిన వెంటనే నిట్టూర్చెడివాడు. తరువాతి జాజ్ గాయకులును, వాద్యకారులును నేర్చికొన్న ముఖ్యపాఠములలో ఇది యొకటి.

ఇట్లుండగా గ్రామఫోను కంపెనీలు దేశమంతట వృద్ధిచెందుచుండెను. నల్లజాతివారు డబ్బిచ్చి రికార్డులు కొనరని ఆ కంపెనీల యజమానులు నమ్మియుండిరి. ఆ నమ్మకమును పటాపంచలు చేసినది ఒక స్త్రీ. 1920 ఆగస్టు 10వ తేదీన మామీ స్మిత్ అను నల్లజాతి గాయని న్యూయార్కులో 'క్రేజీ బ్లూస్' అను పాటను రికార్డు చేసెను. ఈమెకును బెస్సీకిని బంధుత్వము లేదు. ఇంటిపేరు మాత్రమే ఒకటి. ఆ రికార్డును నల్లజాతివారు వేలకొలదిగా ఎగబడి కొనిరి. కంపెనీలవారు కన్నులు తెరచి, అట్టి గాయనులకొరకు వెదుకసాగిరి. కావున బ్లూస్ రికార్డుల తొలి యుగము స్త్రీలదియే. గిటారు పట్టిన పురుషగాయకులు రికార్డులలోనికి వచ్చి ప్రసిద్ధులగుట దాని తరువాతి మాట.

బెస్సీకి మాత్రము ఆ తలుపు వెంటనే తెరువబడలేదు. ఆమె గొంతు మోటుగా నున్నదని ఒకటి రెండు కంపెనీలు ఆమెను త్రోసిపుచ్చినవని చెప్పుదురు. వానిలో నల్లజాతివారే నడపిన కంపెనీయు నొకటి యుండెనట. నాగరికతను నేర్చినవారికి వీధిపాట వాసన రుచింపకపోవుట అన్ని దేశములలోను ఉన్నదే. తుదకు 1923 ఫిబ్రవరిలో కొలంబియా కంపెనీ ఆమెను న్యూయార్కునకు పిలిపించెను. అచ్చట పియానో సహాయముతో ఆమె పాడిన 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' ఆరునెలలు తిరుగకముందే 7,80,000 ప్రతులు అమ్ముడుపోయెనని అంచనా. ఆ పాటను కూర్చినవారు సహితము ఇద్దరు నల్లజాతి స్త్రీలే. మాటలు వ్రాసినది ఆల్బర్టా హంటర్. వరుస కట్టినది పియానో విద్వాంసురాలైన లోవీ ఆస్టిన్. ఇంత గొప్ప విజయమున ఈ ముగ్గురు స్త్రీల చేయి యున్నదని తరువాతి తరములవారిలో ఎంతమంది గుర్తించిరి?

పాట ఊరూర మ్రోగినది. కంపెనీ ధనరాసులు ఆర్జించినది. బెస్సీకి వచ్చినదెంత? ఒప్పందము ప్రకారము రికార్డునకు పనికివచ్చిన ఒక్కొక్క పాటకు మొదట 125 డాలర్లు ఇచ్చిరి. అమ్మకములలో ఆమెకు భాగము లేదు. పదిప్రతులు అమ్మినను, పదిలక్షలు అమ్మినను ఆమెకు ఒక్కటే కూలి. చదువురాని గాయనికి ఒప్పందపత్రములోని చిక్కులు తెలుపువారెవరు? గొంతు ఆమెది, లాభము పరులది. ఆ కాలపు నల్లజాతి గాయనీగాయకులలో పెక్కుమందికి ఇట్టి అన్యాయమే జరిగెను.

ఐనను సభలలో ప్రత్యక్షముగా పాడుటవలన ఆమెకు విశేషమైన ధనము లభించెను. 1920-30 సంవత్సరముల మధ్య నల్లజాతి కళాకారులందరిలోను ఎక్కువ సంపాదన ఆమెదియేయని ప్రసిద్ధి. 1925లో ఆమె తన బృందముకొరకు సొంతముగా ఒక రైలుపెట్టెను చేయించుకొనెను. ఇది ఆడంబరమని తలచుట పొరపాటు. దక్షిణరాష్ట్రములలో నల్లజాతివారికి మంచి హోటళ్లలో చోటు దొరకదు, భోజనశాలలలో కూర్చుండనీయరు. వేలజనులచే చప్పట్లు కొట్టించుకొన్న గాయనియైనను ఆ రాత్రి తలదాచుకొనుటకు వీధులవెంట తిరుగవలసినదే. ఆ రైలుపెట్టెలో బృందములోని వారందరు వండుకొని తిని, నిదురించి, ఎవరి గడపయు తొక్కక గౌరవముతో ప్రయాణము చేయగలిగిరి.

ఆ సంవత్సరమే, 1925 జనవరి 14న, ఆమె 'సెంట్ లూయీ బ్లూస్' అను పాటను రికార్డు చేసెను. ఆమెకు కార్నెటు వాద్యముపై సహకరించినవాడు ఇరువదిమూడేండ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆమె పాదము ముగించిన ప్రతిచోటను అతని వాద్యము ఆమె మాటనే అందుకొని బదులు పలుకును. తరువాత అతడు లోకప్రసిద్ధుడైన జాజ్ విద్వాంసుడయ్యెను. మనుష్యకంఠమువలె వాద్యమును మాటలాడించుట అతని కీర్తికి మూలములలో నొకటి. అట్టి సంభాషణకు ఈ రికార్డు మేలైన నిదర్శనము.

అప్పటివరకు గాయకులు ఒక పెద్ద కొమ్ముబూరవంటి గొట్టము ఎదుట నిలిచి పాడవలసియుండెను. ధ్వని ఆ గొట్టములో ప్రవేశించి ఒక సూదిని కదల్చును; ఆ సూది మైనపుపలకపై గీతలు గీయును. సన్నని గొంతులు ఆ గీతలలో సరిగా పడెడివి కావు. గుడారములలో సానపట్టిన బెస్సీ గొంతు మాత్రము చక్కగా నిలిచినది. 1925లో విద్యుత్తుతో పనిచేయు మైకు వచ్చెను. క్రొత్త పద్ధతిలో గది విశాలముగా నున్నచో ధ్వని చెదరునని తలచి, కంపెనీవారు గదిలోపల ఒక బట్టగుడారమును వ్రేలాడదీసి, అందులో బెస్సీని, వాద్యకారులను నిలిపిరి. రికార్డు జరుగుచుండగా ఆ గుడారము వారందరిమీద కూలిపోయెను! ఎన్నో గుడారములలో పాడిన గాయనిమీద తుదకు నగరమధ్యమున గదిలోని గుడారము కూలుట విచిత్రముకదా!

ఆమె పాటలలో ప్రణయవిషయమే గాక, పేదల కష్టములును చోటుచేసికొన్నవి. వానిలో కొన్ని ఆమె స్వయముగా రచించినవి. వరదలో ఇల్లు మునిగి దిక్కులేక నిలిచిన స్త్రీ దుఃఖమును వర్ణించు 'బ్యాక్‌వాటర్ బ్లూస్' అను పాటను ఆమె 1927 ఫిబ్రవరిలో రికార్డు చేసెను. రెండు నెలలు తిరుగకముందే మిసిసిపీ నది కట్టలు తెగి, లక్షలజనులను నిరాశ్రయులను చేసినది. ఆ ప్రజలు ఈ పాటను తమ పాటగా స్వీకరించిరి. ధనికుల సుఖములను బీదవాని శ్రమతో పోల్చి ప్రశ్నించు పాటయొకటి ఆమె 1928లో పాడెను. పత్రికలు పలుకుటకు వెనుదీసిన విషయమును ఒక గాయని గ్రామఫోనుద్వారా ఇంటింటను పలికినది.

ఆమె ధైర్యమును తెలుపు ఒక ఘట్టమును ఆమె బంధువర్గమువారు చెప్పియున్నారు. 1927 జూలైలో ఉత్తర కరోలినా రాష్ట్రములోని కాంకర్డు పట్టణమున గుడారములో ప్రదర్శన జరుగుచుండెను. నల్లజాతివారిని హింసించుటయే వ్రతముగా పెట్టుకొన్న కూక్లక్స్‌క్లాన్ అను ముఠాకు చెందినవారు కొందరు, తెల్లని ముసుగులు ధరించి, చీకటిలో గుడారపు మేకులను పెరుకుచుండిరి. మేకులూడినచో గుడారము లోపలి జనముపై కూలును. బృందములోని వాద్యకారుడొకడు వారిని చూచి వచ్చి బెస్సీకి చెప్పెను. పనివారిని పిలుచుకొని ఆమె బయటకు వెడలెను. ముసుగులను చూచిన వెంటనే పనివారు పారిపోయిరి. బెస్సీ ఒంటరిగా ముఠాకు ఎదురుగా నిలిచి, ఒక చేతిని నడుముపై నుంచి, రెండవచేతి పిడికిలి బిగించి, వారిని తీవ్రముగా గద్దించెను. వారు కొంతసేపు కదలక నిలిచి, పిదప ఒక్కొక్కరుగా చీకటిలో కలిసిపోయిరి. ఆమె పారిపోయిన పనివారిని మందలించి, లోనికి వెళ్లి, ఏమియు జరుగనట్లు పాటను కొనసాగించెను.

బెస్సీ దోషరహితురాలని చెప్పజాలము. ఆమెకు కోపమెక్కువ, మద్యపానమను దురభ్యాసముండెను, వచ్చిన ధనమును నిలుపుకొనలేకపోయెను. కాని తిండిలేనివారికి అన్నము పెట్టుటలోను, కుటుంబమునంతటిని పోషించుటలోను ఆమె చేయి ముడుచుకొనలేదు. అక్కలను, వారి బిడ్డలను ఫిలడెల్ఫియా నగరమునకు రప్పించి, వారికి ఇండ్లు అమర్చెను.

ఎండ యెల్లకాలము నడినెత్తినుండదు. రేడియోయును, మాటలాడు చలనచిత్రమును వచ్చి, గుడారప్రదర్శనలకు జనమును తగ్గించెను. 1929లో ఆమె ఒక చిన్న చలనచిత్రమున నటించెను. ఆమె కదలికలను మనకు చూపు చిత్రము అదియొక్కటియే. ఆ సంవత్సరము మే నెలలో, సంపద పోయినవానిని స్నేహితులెవరును గుర్తింపరను అర్థముగల పాటను ఆమె రికార్డు చేసెను. అక్టోబరులో అమెరికా వ్యాపారవ్యవస్థ కుప్పకూలి, లక్షలమంది పనులు పోగొట్టుకొనిరి. ఆ పాట దేశము కథయు, బెస్సీ కథయు అయ్యెను. రికార్డులు కొనువారు తగ్గిరి. 1931లో కొలంబియా కంపెనీ ఆమెను విడిచిపెట్టెను. 1933 నవంబరు 24న ఆమె చివరిసారిగా నాలుగు పాటలు రికార్డు చేసెను. వానికి పాటకు 37.50 డాలర్ల చొప్పున మాత్రమే ముట్టెను. సరిగా మూడు దినముల పిమ్మట, పదునెనిమిదేండ్ల బిల్లీ హాలిడే అను నల్లజాతి గాయని తన మొదటి పాటను రికార్డు చేసెను. ఒక దీపము కొండెక్కుచుండగా, దానినుండి వెలిగించిన దీపము తలయెత్తినది.

బెస్సీ నిరాశపడలేదు. క్రొత్తకాలపు పాటలను నేర్చికొని, వేషమును మార్చికొని, మరల సభలకెక్కుచుండెను. జనులు ఆమెను మరల ఆదరింపసాగిరి. ఇంతలో 1937 సెప్టెంబరు 26న తెల్లవారకముందు, మిసిసిపీ రాష్ట్రములో క్లార్క్స్‌డేల్ పట్టణమునకు పోవు రహదారిపై ఆమె కారు ఒక లారీని ఢీకొనెను. ఆమె కుడిచేయి నుజ్జయ్యెను. ఆ దారిన వచ్చిన తెల్లజాతి వైద్యుడొకడు ఆగి ప్రథమచికిత్స చేసెను. తరువాత ఆమెను క్లార్క్స్‌డేలులోని నల్లజాతి ఆసుపత్రికి కొనిపోయిరి. వైద్యులు చేయి తొలగించిరి కాని ప్రాణము నిలువలేదు. ఆ ఉదయమే ఆమె కన్నుమూసెను.

ఆమె మరణమునుగూర్చి ఒక కథ లోకమున వ్యాపించినది. తెల్లజాతి ఆసుపత్రివారు ఆమెను చేర్చుకొనక త్రిప్పిపంపిరనియు, అందుచే ఆమె మరణించెననియు ఒక పత్రికలో వచ్చినది. ఆ కథ ఆధారముగా ఒక నాటకము సైతము వ్రాయబడినది. తరువాత విచారించినవారికి అది నిజము కాదని తేలినది. ఆనాడు ఆమెకు చికిత్సచేసిన వైద్యుడు సత్యమును వివరించెను. ఆ దినములలో, ఆ ప్రాంతమున, నల్లజాతి రోగిని తెల్లజాతి ఆసుపత్రికి తీసికొనిపోవలెనను తలంపు ఏ బండివానికిని కలుగదట. ఆమెను ఎవరును త్రిప్పిపంపలేదు. ఆ గుమ్మమువరకు ఎవరును తీసికొనిపోనేలేదు. ఆలోచించినచో, కట్టుకథకన్న ఈ సత్యమే ఎక్కువ బాధాకరము.

ఫిలడెల్ఫియాలో ఆమె భౌతికకాయమును సుమారు 10,000 మంది దర్శించిరి. అంత్యక్రియలు అక్టోబరు 4న ఘనముగా జరిగినవి. నగరసమీపమునందలి శ్మశానవాటికలో ఆమెను పూడ్చిపెట్టిరి. జనులు ఇండ్లకు వెడలిరి. సమాధిపై రాయి మాత్రము నిలువలేదు. సంవత్సరములు గడచినవి, గడ్డి మొలచినది.

కాని గొంతు మట్టిలో కలియలేదు. న్యూ ఆర్లియన్స్ నగరమున మహాలియా జాక్సన్ అను బాలిక భక్తిపరుల ఇంట పెరుగుచు, పెద్దలు లేనప్పుడు బెస్సీ రికార్డులను విని, ఆ గొంతు నిండుదనమును అభ్యసించెను. ఆమెయే పెద్దయై భక్తిగీతములు పాడి లోకఖ్యాతి గాంచి, 1963లో వాషింగ్టనునందు నల్లజాతివారి హక్కులకై జరిగిన మహాసభలో గానముచేసెను. బిల్లీ హాలిడే తన గానమునకు బెస్సీయును, ఆర్మ్‌స్ట్రాంగును మార్గదర్శకులని చెప్పుకొనెను. జేమ్స్ బాల్డ్విన్ అను రచయిత స్విట్జర్లాండు కొండపల్లెలో కూర్చుండి తన మొదటి నవలను వ్రాయునపుడు, తన జాతివారి పలుకుబడిని జ్ఞప్తికి తెచ్చుకొనుటకు బెస్సీ రికార్డులను వినుచుండెను. టెక్సాసు రాష్ట్రమున పుట్టిన తెల్లజాతి యువతి జానిస్ జాప్లిన్ ఆ రికార్డులనే గురువుగా భావించి, రాక్ గాయనియై పేరుపొందెను. ఈ విధముగా గుడారమున పుట్టిన గానము ప్రార్థనామందిరమునకును, నవలకును, రాక్ సభకును చేరినది. బ్లూస్ చరిత్ర వ్రాసినవారు మాత్రము చాలకాలము ఒంటరిగా గిటారు పట్టి తిరిగిన పురుషులమీదనే దృష్టి నిలిపిరి. రంగస్థలమున తళతళలాడు దుస్తులతో పాడిన స్త్రీల గానమును వినోదమని తేలికగా చూచిరి.

1970లో ఫిలడెల్ఫియా పత్రికయొకటి పాఠకుల ఫిర్యాదులను పరిష్కరించు శీర్షిక నడుపుచుండెను. బెస్సీ సమాధిపై పేరులేదని ఆ శీర్షికకు ఒక ఉత్తరము వచ్చెను. రాయి నిలుపుటకు వెంటనే ఇద్దరు స్త్రీలు ముందుకు వచ్చిరి. ఒకతె జానిస్ జాప్లిన్. రెండవ ఆమె జువానిటా గ్రీన్ అను నల్లజాతి స్త్రీ. చిన్నతనమున ఈమె బెస్సీ ఇంట వంటగది నేలను తోమెడిది. ఒకసారి బాలల పాటలపోటీలో ఈమె పాడగా బెస్సీ విని, దగ్గరకు పిలిచి, బడికి పోవుచున్నావా యని అడిగెనట. పోవుచున్నానని చెప్పగా, నీకు పాట రాదు, బడి మానకుమని హితవు చెప్పెనట. తనకు దక్కని చదువు విలువ బెస్సీకి తెలియును. ఆ బాలిక బడి మానలేదు. చదివి నర్సు అయ్యెను. రోగులను పోషించు గృహములను నెలకొల్పెను. ఆ చదువువలన వచ్చిన సొమ్ములో కొంత ఆమె చదువురాని గాయని సమాధికి వెచ్చించెను. 1970 ఆగస్టు 7న ఆ సమాధిపై బెస్సీ స్మిత్ పేరు చెక్కిన రాయి నిలిచెను.

తరువాత గౌరవములు ఒకదానివెంట ఒకటి వచ్చినవి. 1989లో రాక్ సంగీత కీర్తిమందిరమున, ఆ సంగీతమునకు పూర్వమార్గదర్శకులైనవారి వరుసలో ఆమె పేరు చేర్చబడినది. 1994లో అమెరికా తపాలాశాఖ ఆమె చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను. 2002వ సంవత్సరమునకుగాను ఆ దేశపు జాతీయ గ్రంథాలయము భద్రపరచదగిన ధ్వనిముద్రణల మొదటి జాబితాను ప్రకటించినపుడు, అందులో 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' చోటుచేసికొనెను. ఆమె చిల్లరడబ్బులకు పాడిన చాటనూగా పట్టణమున ఆమె పేరిట ఒక సాంస్కృతిక కేంద్రము వెలసినది.

బాలలారా! ఒక పాట మనకు నచ్చినపుడు దానిని పాడినవారిని మెచ్చుకొందుము. వారికా పాటను ఇచ్చినవారెవరని కూడ అడుగుట మంచిది. బెస్సీకి ముందు మా రెయినీ యుండెను. తలుపు తెరచిన మామీ స్మిత్ యుండెను. పాట కూర్చిన ఆల్బర్టా హంటర్, లోవీ ఆస్టినులుండిరి. వారికిని వెనుక, పేరు తెలియని తల్లులు ప్రత్తిచేలలో పాడుకొనిరి. ఆ తల్లుల పేర్లను చెక్కించుటకు ఇప్పుడు ఏ రాయియు చాలదు. రికార్డులకెక్కిన ఈ కొలదిమంది పేర్లనైనను మరువకుండుట వినువారి ధర్మము.